గీతలు కలవకపోతే తప్పెవరిది? ఎగువ వాతావరణం మోడళ్లూ, నేల మీది కొలతలూ

వాతావరణ బెలూన్లు మహా అయితే 35, 40 కిలోమీటర్ల దాకా వెళ్లి పగిలిపోతాయి. ఉపగ్రహాలేమో 200 కిలోమీటర్ల కిందకు దిగాయంటే గాలి రాపిడికి ఎక్కువ రోజులు నిలవవు. మధ్యలో మిగిలిన పొరలోకి వెళ్లి నేరుగా కొలవగలిగేది సౌండింగ్ రాకెట్ ఒక్కటే, అదీ కొన్ని నిమిషాలపాటే. పైనుంచి తొంగిచూసే ఉపగ్రహాలు ఉన్నాయి కానీ అవి ఒకే చోట నిలబడి రాత్రంతా చూడలేవు. కాబట్టి మెసోస్ఫియర్ పైభాగం, దానిపైనున్న థర్మోస్ఫియర్, వాటితో కలిసిపోయి ఉండే అయనోస్ఫియర్ (అయాన్లూ, విడిపోయిన ఎలక్ట్రాన్లూ ఉండే పొర) ఒక ప్రాంతం మీద గంట గంటకీ, ఏడాదికేడాదికీ ఎలా మారుతున్నాయో తెలియాలంటే నేల మీద రాడారో, కెమెరానో, లేజరో పెట్టి పైకి చూడాలి. లేదంటే సమీకరణాలు కంప్యూటర్‌కి ఇచ్చి లెక్క కట్టించాలి.

ఈ రెండింటినీ తెచ్చి ఒకే గ్రాఫ్ మీద గీస్తే గీతలు కలవవు. దాదాపు ఎప్పుడూ కలవవు. అప్పుడు మోడల్ తప్పని ఒకరంటారు, ఆ పరికరాన్ని నమ్మలేమని ఇంకొకరంటారు. రెండూ తొందరపాటు మాటలే. ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆ రెండు గీతలూ అసలు ఒకే విషయాన్ని చూపిస్తున్నాయా? చాలాసార్లు చూపించవు. ఆ సంగతి తేల్చుకుని, సరిచేసుకున్నాక కూడా మిగిలే తేడా ఉంటుంది చూడండి, అదే అసలైన సరుకు. ఎగువ వాతావరణం గురించి ఇవాళ తెలిసినవాటిలో చాలా భాగం అలా మొండిగా మిగిలిపోయిన తేడాల నుంచి వచ్చిందే.

ఇదంతా శాస్త్రవేత్తల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను ప్రయోగించింది. వాటిని ముందు సుమారు 210 కిలోమీటర్ల ఎత్తులో వదిలి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక పైకి తీసుకెళ్లాలన్నది ప్లాన్. అప్పుడొచ్చిన భూ అయస్కాంత తుఫాను (సూర్యుడి వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో లేచే అలజడి) పెద్దదేమీ కాదు. అయినా ఆ ఎత్తులో గాలి నిరోధం అంతకుముందు ప్రయోగాలప్పటి కంటే 50 శాతం దాకా పెరిగిందని కంపెనీయే చెప్పింది, 40 దాకా ఉపగ్రహాలు మళ్లీ కిందికొచ్చి కాలిపోయాయి. ఒక మోస్తరు తుఫానుకి 200 కిలోమీటర్ల దగ్గర గాలి ఎంత చిక్కబడుతుందో మోడల్ ముందే సరిగ్గా చెప్పగలగాలంటే, ఆ మోడల్‌ని ఎవరో ఏళ్ల తరబడి కొలతలతో సరిపోల్చి, ఎక్కడ తేలిపోతోందో పట్టుకుని ఉండాలి. 400 కిలోమీటర్ల దగ్గరైతే సూర్యుడు మందకొడిగా ఉన్న ఏళ్లకీ, చురుగ్గా ఉన్న ఏళ్లకీ మధ్య గాలి సాంద్రత పది రెట్ల వరకూ మారుతుంది. ఇంత మారే చోట సగటు లెక్కలతో బండి నడవదు.

మోడల్ అని ఒకే మాట వాడేస్తాం కానీ ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి, పాత కొలతలన్నీ పోగేసి వాటి మీద గణిత సూత్రాలు అమర్చినవి. ఉష్ణోగ్రత, సాంద్రతలకి ఎంసిస్, గాలులకి హెచ్‌డబ్ల్యూఎం, ఎలక్ట్రాన్ సాంద్రతకి ఐఆర్‌ఐ ఈ జాతివే. రెండోది, ద్రవ్యరాశి, శక్తి, చలనం, రసాయన చర్యల సమీకరణాలను గ్రిడ్ మీద అడుగడుగునా పరిష్కరించేవి. అమెరికాలో తయారైన టీఐఈ-జీసీఎం, వాకమ్-ఎక్స్, జపాన్ వాళ్ల గాయా ఇలాంటివి.

మొదటి జాతితో పోల్చేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. ఐఆర్‌ఐ ఇచ్చేది ప్రధానంగా నెల మధ్యస్థ విలువ, అంటే ఆ నెలలో మామూలుగా ఉండే పరిస్థితి. ఒక మంగళవారం రాత్రి అయనోసాండ్ (నేల మీది నుంచి రేడియో పల్స్‌లు పంపి అయనోస్ఫియర్‌ని కొలిచే పరికరం) చూపించిన విలువ దానికంటే 25 శాతం తక్కువగా ఉందంటే ఐఆర్‌ఐ ఓడిపోయినట్టు కాదు. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కూడా అయనోస్ఫియర్ రోజుకి రోజుకి అంత తేడాతో ఊగుతూనే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంసిస్ పాత వెర్షన్లలోకి రాడార్ డేటా వెళ్లింది, ఐఆర్‌ఐ పునాదుల్లో ప్రపంచంలోని అయనోసాండ్ల డేటా ఉంది. అదే స్టేషన్ పాత డేటాని మళ్లీ తెచ్చి మోడల్ భలే సరిపోయిందంటే అది పరీక్ష ఎలా అవుతుంది? మోడల్‌ని నిజంగా పరీక్షించాలంటే అది ఎప్పుడూ చూడని చోటు కావాలి, చూడని కాలం కావాలి. సముద్రాల మీద, ఆఫ్రికాలో చాలా చోట్ల స్టేషన్లు తక్కువ కాబట్టి అక్కడ పెట్టే ఒక్క కొత్త పరికరం, యూరప్‌లో పెట్టే పది పరికరాల కంటే ఎక్కువ విషయం చెబుతుంది.

ఇక పరికరం ఏం చూస్తోందన్నది దగ్గర్నుంచి చూద్దాం. కాంతి తరంగదైర్ఘ్యాన్ని అతి సూక్ష్మంగా కొలిచే ఫాబ్రీ-పెరో ఇంటర్‌ఫెరోమీటర్‌ని తీసుకోండి. రాత్రి ఆకాశం కంటికి చీకటిగా ఉన్నా పైన ఆక్సిజన్ పరమాణువులు 630 నానోమీటర్ల దగ్గర చాలా బలహీనమైన ఎర్రటి కాంతి విడుస్తుంటాయి. అక్కడ గాలి మనవైపు వస్తుంటే ఆ తరంగదైర్ఘ్యం రవ్వంత తగ్గుతుంది, దూరంగా పోతుంటే రవ్వంత పెరుగుతుంది. ఎంత రవ్వంత? సెకనుకి 30 మీటర్ల గాలికి వచ్చే మార్పు కోటిలో ఒక వంతు, అంటే సుమారు 0.00006 నానోమీటర్లు. ఆ రేఖ వెడల్పుని బట్టి ఉష్ణోగ్రత కూడా తెలుస్తుంది. ఇంత సూక్ష్మమైన కొలత నేల మీద ఒక గదిలోంచి చేయగలగడం నిజంగా గొప్ప విషయం.

కానీ సున్నా ఎక్కడ? గాలి అసలు కదలనప్పుడు రేఖ ఎక్కడుంటుందో తెలిస్తేనే కదా ఎంత జరిగిందో చెప్పగలం. సరిగ్గా ఆ ఆక్సిజన్ రేఖనే ఇచ్చే దీపం ల్యాబ్‌లో సులభంగా దొరకదు. 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్‌తో పరికరం ఎంత కదిలిందో (గదిలో ఉష్ణోగ్రత మారితే అది కూడా కదులుతుంది) చూసుకుంటారు, సున్నాకి మాత్రం సాధారణంగా ఒక ఊహ మీద ఆధారపడతారు: నిట్టనిలువుగా పైకి చూసినప్పుడు కనిపించే గాలి రాత్రంతా సగటు తీస్తే సున్నా అవుతుందని. మామూలు రాత్రుల్లో ఇది బాగానే పనిచేస్తుంది. పెద్ద తుఫాను రాత్రుల్లో మాత్రం మధ్య అక్షాంశాల పరికరాలు నిలువు గాలులు సెకనుకి పదుల మీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చూపించాయి. మోడళ్లలో అలాంటివి రావడం లేదు, కాబట్టి మోడళ్లే ఏదో వదిలేస్తున్నాయని చాలాకాలం అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, దూరంగా ధ్రువం వైపు ప్రకాశవంతంగా వెలుగుతున్న ప్రాంతం కాంతి కింది వాతావరణంలో చెల్లాచెదురై, నిలువుగా చూస్తున్న పరికరంలోకి కూడా వచ్చి పడుతుంది, అక్కడి గాలి వేగాన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది. అంటే కనిపించిన నిలువు గాలిలో కొంత నిజం కాదు. ఈసారి తప్పు కొలత వైపు నుంచి వచ్చింది, మోడల్‌ని ఊరికే తిట్టారు.

ఎత్తు సంగతి మరీ ముఖ్యం. పేపర్లలో 250 కిలోమీటర్ల దగ్గర గాలి అని రాస్తారు కానీ పరికరం 250 దగ్గర ఆగి చూడదు. పదుల కిలోమీటర్ల మందం ఉన్న పొర నుంచి వచ్చే కాంతి అంతా కలిపి చూస్తుంది, ఎక్కడ కాంతి ఎక్కువో ఆ ఎత్తు మాట ఎక్కువ చెల్లుతుంది. పైగా ఆ పొర రాత్రంతా ఒకే చోట ఉండదు. రాత్రిపూట ఈ ఎర్ర కాంతి పుట్టేది ఆక్సిజన్ అయాన్లు, అణువులు, ఎలక్ట్రాన్ల మధ్య జరిగే చర్యల గొలుసులోంచి, కాబట్టి అయనోస్ఫియర్ పైకి లేస్తే కాంతి పొర కూడా పైకి జరిగి మసకబారుతుంది, కిందికి దిగితే ప్రకాశిస్తుంది. అందుకని మోడల్‌లో 250 కిలోమీటర్ల గాలిని తీసుకుని పక్కన పెట్టడం కాదు. మోడల్ చెప్పే సాంద్రతలతోనే కాంతి ఎంత పుడుతుందో లెక్కగట్టి, కాంతి ఎక్కువున్న ఎత్తుకి ఎక్కువ విలువ ఇస్తూ గాలిని సగటు తీసి, ఆ పరికరం చూసే కోణంలోనే చూసినట్టు ఒక కృత్రిమ కొలత తయారుచేయాలి. దాన్ని అసలు కొలతతో పోల్చాలి. శ్రమ ఎక్కువే, కానీ ఇదే సరైన దారి.

ఎర్ర కాంతి విషయంలో ఈ శ్రమ చేయకపోయినా కొంత గట్టెక్కుతారు, ఎందుకంటే అంత ఎత్తున గాలికి స్నిగ్ధత (పొరల మధ్య రాపిడి) బాగా ఎక్కువ, పైకీ కిందకీ గాలి వేగం పెద్దగా మారదు. 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి దగ్గర మాత్రం అస్సలు గట్టెక్కరు. అది మామూలుగా 97 కిలోమీటర్ల దరిదాపుల్లో పుడుతుంది, అక్కడ కొద్ది కిలోమీటర్ల తేడాలోనే గాలి దిశ మారిపోవచ్చు, 100, 110 కిలోమీటర్ల మధ్య రాకెట్లు సెకనుకి 100 మీటర్లు దాటిన గాలులను చూశాయి. ధ్రువకాంతులు వచ్చినప్పుడు ఆకుపచ్చ కాంతి ఇంకా పైనుంచి వస్తుంది. పొర ఎత్తు ఐదు కిలోమీటర్లు తప్పుగా అనుకుంటే చాలు, మోడల్ బాగున్నా చెత్తగా కనిపిస్తుంది.

మబ్బుల మాటేమిటి? ఈ పరికరాలు మబ్బు లేని రాత్రే పనిచేస్తాయి. నెల సగటు వేసేటప్పుడు కొలతల వైపు పన్నెండు రాత్రులుండి మోడల్ వైపు ముప్ఫై రోజుల ఇరవై నాలుగు గంటలూ ఉంటే ఆ పోలికకి అర్థం లేదు. మోడల్‌ని కూడా అవే రాత్రులు, అవే గంటల దగ్గర తీసుకోవాలి. చెప్పడానికి చిన్న మాట, కానీ దీన్ని పట్టించుకోని పోలికలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

జీపీఎస్ రిసీవర్లతో వచ్చే మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క (టీఈసీ) ఇంకో ఉచ్చు. డేటా తేలిగ్గా దొరుకుతుంది, ప్రపంచమంతా వేల రిసీవర్లున్నాయి, అందుకే అందరూ మోడల్‌ని ముందు దీనితోనే పోలుస్తారు. జీపీఎస్ ఉపగ్రహాలు ఉండేది సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి నేల దాకా దారిలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఐఆర్‌ఐ లెక్క 2,000 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, టీఐఈ-జీసీఎం పైకప్పు సూర్యుడి చురుకుని బట్టి సుమారు 500 నుంచి 700 కిలోమీటర్ల మధ్యే. ఇల్లంతటి కరెంటు బిల్లుని ఒక గదిలో వాడిన కరెంటుతో పోల్చినట్టు ఉంటుంది ఇది. పగలు పెద్ద తేడా పడకపోవచ్చు, ఎందుకంటే ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం కిందే ఉంటాయి. రాత్రిపూట కింద ఎలక్ట్రాన్లు తగ్గిపోయి అయనోస్ఫియర్‌కి పైన ఎలక్ట్రాన్లు పలచగా పరుచుకున్న ప్లాస్మాస్ఫియర్ వాటా పెరుగుతుంది, అప్పుడు మోడల్ తక్కువ చూపిస్తోందని రాసేస్తారు. దానికి తోడు ప్రతి రిసీవర్‌కీ, ప్రతి ఉపగ్రహానికీ సొంత పక్షపాతం (పరికరంలోంచే వచ్చే దోషం) ఉంటుంది, దాన్ని తీసేసే పద్ధతిని బట్టి రాత్రి విలువలు కొన్ని యూనిట్లు అటూ ఇటూ అవుతాయి. ఒక్క టీఈసీ యూనిట్ అంటే జీపీఎస్ ప్రధాన సిగ్నల్ ఎల్1తో కొలిచే దూరంలో దాదాపు 16 సెంటీమీటర్ల తేడా.

అయనోసాండ్ ఈ గుంపులో అన్నిటికంటే పాతది, ఇప్పటికీ అన్నిటికంటే నమ్మదగినవాటిలో ఒకటి. రేడియో పల్స్‌లను సుమారు 1 నుంచి 20 మెగాహెర్ట్జ్ వరకూ ఫ్రీక్వెన్సీ మారుస్తూ పైకి పంపుతుంది, ఎక్కడిదాకా ప్రతిధ్వని వస్తే అక్కడిదాకా లెక్క. పై పొరని దాటిపోయే సరిహద్దు ఫ్రీక్వెన్సీ 10 మెగాహెర్ట్జ్ అయితే అక్కడ ఘనపు మీటరుకి 1.24 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లున్నట్టు. ఈ సంఖ్యలో వాదనకి చోటు లేదు, నేరుగా భౌతికశాస్త్రం నుంచి వస్తుంది. ఎత్తు మాత్రం అంత నేరుగా రాదు. ప్లాస్మాలో (అయాన్లూ ఎలక్ట్రాన్లూ కలిసి ఉన్న వాయువులో) పల్స్ నెమ్మదిస్తుంది కాబట్టి ప్రతిధ్వని ఆలస్యాన్ని బట్టి చూస్తే పొర ఉన్న చోటు కంటే పైన ఉన్నట్టు కనిపిస్తుంది, అసలు ఎత్తుని మళ్లీ ఒక లెక్కతో వెలికితీయాలి, ఆ లెక్కలో మళ్లీ ఊహలుంటాయి. కాబట్టి ఒకే అయనోసాండ్ నుంచి వచ్చినా సాంద్రతకీ ఎత్తుకీ ఒకే గౌరవం ఇవ్వకూడదు.

కొలతల సంగతి ఇలా ఉంటే, మోడల్ వైపు మొదట చూడాల్సింది దానికి తినిపించిన ఇన్‌పుట్. చాలా మోడళ్లకి సూర్యుడి గురించి తెలిసింది ఎఫ్10.7 అనే ఒక్క సంఖ్య ద్వారానే. అది 10.7 సెంటీమీటర్ల దగ్గర సూర్యుడి రేడియో ప్రకాశం, 1947 నుంచి కెనడాలో కొలుస్తున్నారు. థర్మోస్ఫియర్‌ని వేడెక్కించేది రేడియో తరంగాలు కావు, తీవ్ర అతినీలలోహిత కిరణాలు. రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి కాబట్టి దాన్ని దీనికి బదులుగా వాడుకుంటున్నారు. అలాగే అయస్కాంత అలజడికి కేపీ సూచిక, అది మూడు గంటలకి ఒక విలువ, 0 నుంచి 9 దాకా. ఇరవై నిమిషాల్లో విరుచుకుపడిన తుఫానుని మూడు గంటల ఇన్‌పుట్‌తో నడిచే మోడల్ సమయానికి పట్టుకోలేకపోతే అది సమీకరణాల తప్పు కాదు.

2008, 2009లో ఈ బదులు లెక్క ఎంత ఇబ్బంది పెట్టిందో అందరికీ తెలిసొచ్చింది. సూర్యుడు అసాధారణంగా నిద్రపోయాడు. 2008లో 400 కిలోమీటర్ల దగ్గర గాలి సాంద్రత అంతకుముందు సౌర కనిష్ఠం (11 ఏళ్ల సౌర చక్రంలో సూర్యుడు అన్నిటికంటే ప్రశాంతంగా ఉండే దశ) నాటి కంటే దాదాపు 28 శాతం తక్కువని ఉపగ్రహాల కక్ష్యల నుంచి లెక్క తేలింది. ఐఆర్‌ఐ అప్పట్లో ఎలక్ట్రాన్ సాంద్రతను ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపించింది. ఎఫ్10.7 దాని కనిష్ఠం దగ్గర దాదాపు ఆగిపోతుంది, అతినీలలోహితం ఇంకా తగ్గగలదు. మోడళ్లేమో మునుపటి కనిష్ఠాల అనుభవంతో తయారయ్యాయి. ఆ రెండేళ్ల తేడాలు లేకపోతే ఈ బలహీనత ఇంకో సౌర చక్రం దాకా బయటపడేది కాదేమో.

ఇప్పుడు, కొలత సరే, ఇన్‌పుట్ సరే, అయినా గీతలు కలవవు అనే ఘట్టం. ఇక్కడే విషయం రసకందాయంలో పడుతుంది.

2009 జనవరిలో సూర్యుడు ప్రశాంతం, అయస్కాంత క్షేత్రం ప్రశాంతం. అయినా పెరూలో అయస్కాంత భూమధ్యరేఖ దగ్గరున్న జికామార్కా రాడార్‌లో ప్లాస్మా నిలువు కదలిక మామూలుగా ఉండాల్సినట్టు లేదు. ఉదయం పైకి బాగా ఎక్కువగా, మధ్యాహ్నం నుంచి కిందికి, అదీ వరసగా కొన్ని రోజులు. పై నుంచి వచ్చే ఏ కారణంతోనూ దీన్ని చెప్పలేం. కారణం కింద ఉంది: అదే సమయంలో ఉత్తర ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్ కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీలు వేడెక్కింది. ఆర్కిటిక్ మీద సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున జరిగిన సంగతి, వేల కిలోమీటర్ల అవతల పెరూ మీద వందల కిలోమీటర్ల ఎత్తున కనిపించింది. గాలిలో నడిచే పెద్ద అలలు, ముఖ్యంగా రోజుకి రెండుసార్లు వచ్చే పోటు అలలు, చంద్రుడి వల్ల 12.4 గంటలకొకసారి వచ్చేవి కూడా, ఆ వేడిమి మార్పుతో బలపడి పైకెక్కాయి, అక్కడి విద్యుత్ క్షేత్రాలను మార్చేశాయి. టీఐఈ-జీసీఎం అడుగు మొదలయ్యేదే 97 కిలోమీటర్ల దగ్గర. దాని కింద ఏం జరిగిందో సరిహద్దు దగ్గర ఎవరో చెబితే తప్ప దానికి తెలియదు, మామూలుగా చెప్పేది సగటు పోటు అలలే. కాబట్టి అది ఆ రోజుల్ని పట్టుకోలేదు. నేల నుంచి మొదలయ్యే గాయా, వాకమ్-ఎక్స్ లాంటివాటికి ఆ కాలపు కింది వాతావరణ డేటా ఇచ్చి నడిపినప్పుడు ఆ ఆకారం బయటికొచ్చింది.

అర్ధరాత్రి వేడి కథ కూడా దీనికి చుట్టమే. భూమధ్యరేఖ చుట్టుపక్కల థర్మోస్ఫియర్ ఉష్ణోగ్రత సాయంత్రం నుంచి తెల్లారేదాకా అలా తగ్గుతూ పోవాలి. రాడార్లు, ఇంటర్‌ఫెరోమీటర్లు మాత్రం అర్ధరాత్రి దగ్గర ఒక బొడిపె చూపిస్తూనే వచ్చాయి, కొన్నిసార్లు 100 కెల్విన్లకు పైగా. దశాబ్దాల పాటు మోడళ్లలో అది రాలేదు, వచ్చినా మరీ చిన్నగా. 2009 ప్రాంతంలో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (ఎన్‌ఓఏఏ) వాళ్ల పూర్తి వాతావరణ మోడల్ నేల నుంచి పైదాకా ఒకేసారి లెక్కకట్టి చూపించాక తెలిసింది, ఎనిమిది గంటల పోటు అలా, అంతకంటే చిన్నవీ కిందినుంచి వచ్చి పైన ఒకచోట కలిస్తే ఆ బొడిపె వస్తుందని. కొలతలవాళ్లు పట్టుదలగా అది నిజమేనని అంటూ ఉండకపోతే, మోడల్‌లో లేదు కాబట్టి పరికరం గొడవ అని ఎప్పుడో వదిలేసేవారు.

ఇంకొంచెం లోతైన ఉదాహరణ ప్యూర్టోరికోలోని అరెసిబోది. అక్కడ ఒకే ఆకాశాన్ని చూసే రాడార్ ఉండేది, ఫాబ్రీ-పెరో కూడా ఉండేది. రాడార్ అయాన్ల కదలిక చూస్తుంది, అందులోంచి అయాన్లు అయస్కాంత రేఖల వెంట తమ బరువుకి జారే వేగాన్ని తీసేస్తే మిగిలేది ఉత్తర దక్షిణ గాలి. ఫాబ్రీ-పెరో ఆ గాలినే నేరుగా చూస్తుంది. రెండూ కలవాలి. కలవలేదు. రెండు పరికరాలూ బాగానే ఉన్నాయి. మరి మధ్యలో ఉన్నదేమిటి? ఆక్సిజన్ అయాన్ ఆక్సిజన్ పరమాణువుని ఎంత తరచుగా ఢీకొంటుందనే ఒక సంఖ్య, జారే వేగం దానిమీదే ఆధారపడుతుంది. 1987లో వచ్చిన విశ్లేషణ ఆ సంఖ్యని 1.7 రెట్లు పెంచితే లెక్క కుదురుతుందంది. ఆ తర్వాత దీనిమీద ఏళ్ల తరబడి వాదన నడిచింది, అంత పెద్దది అక్కర్లేదని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి, టీఐఈ-జీసీఎంలో 1.5 వాడుతున్నారు. ప్రయోగశాలలో కొలవడం చాలా కష్టమైన ఒక పరమాణు సంఖ్యని 300 కిలోమీటర్ల ఎత్తున రెండు కొలతల మధ్య వచ్చిన తగాదా బయటపెట్టింది. ఇలాంటి తేడా దొరకడం అదృష్టం.

ఉల్కా రాడార్ల దగ్గరికొస్తే కథ వేరు. 80 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఉల్కలు కాలిపోతూ వదిలే చారలు గాలితో కొట్టుకుపోతుంటే వాటిని చూసి గాలి కొలుస్తాయి, మబ్బుతో, పగలూ రాత్రితో పనిలేదు. ఇక్కడ మోడల్ అసలు బలహీనత గ్రావిటీ వేవ్‌లు, అంటే కొండల మీదుగా వీచే గాలి, ఉరుముల మేఘాలు లేపే అలలు. (అంతరిక్షంలో బ్లాక్‌హోల్స్ ఢీకొంటే వచ్చేవి వేరు.) ఇవి పైకెక్కే కొద్దీ పెరిగి, విరిగి, తమ ఊపుని అక్కడి గాలికి ఇచ్చేస్తాయి. ధ్రువాల మీద మెసోస్ఫియర్ పైకొస వేసవిలో చలికాలం కంటే చల్లగా, 130 కెల్విన్ల దాకా పడిపోవడానికి కారణం ఈ అలలు నడిపే ప్రవాహమే. 2.5 డిగ్రీల గ్రిడ్ అంటే భూమధ్యరేఖ దగ్గర ఒక గడి సుమారు 280 కిలోమీటర్లు, అందులో 50 కిలోమీటర్ల అల ఎలా కనిపిస్తుంది? కనిపించదు, దాని ప్రభావాన్ని ఒక సూత్రంతో అంచనా వేసి కలుపుతారు. ఆ సూత్రంలో నాబ్ కొంచెం తిప్పితే వేసవి గాలి దిశ మారే ఎత్తు కొన్ని కిలోమీటర్లు జరుగుతుంది. రాడార్‌తో పోల్చి నాబ్ తిప్పుకోవచ్చు కూడా, కానీ ఒక స్టేషన్‌కి సరిపోయేలా తిప్పితే ఇంకో స్టేషన్ దగ్గర చెడుతుంది. ఒక్క స్టేషన్‌తో ఇంకో ఇబ్బంది: సూర్యుడితో పాటు భూమి చుట్టూ తిరిగే పోటు అలనీ, అలా తిరగనిదాన్నీ అది వేరు చేయలేదు. వేర్వేరు రేఖాంశాల మీద స్టేషన్లుంటేనే కుదురుతుంది.

ఎంత కలిసిందో చెప్పడానికి వాడే అంకెల్లోనూ జాగ్రత్త కావాలి. కోరిలేషన్ (రెండు గీతలు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.9 వచ్చిందని సంబరపడేవాళ్లు చాలామంది. పగలు ఎక్కువ, రాత్రి తక్కువ అని ఏ మోడల్‌కైనా తెలుసు, ఆ ఒక్కటి తెలిస్తే చాలు 0.9 దగ్గరికి రావడానికి. రోజువారీ సగటు ఆకారాన్ని తీసేశాక ఎంత మిగిలిందన్నదే లెక్క. ఇంకో వైపు, తుఫాను ప్రభావాన్ని సరిగ్గా చూపించి గంట ఆలస్యంగా చూపించిన మోడల్‌కి సగటు వర్గ దోషం (తేడాల వర్గాల సగటు) రెండుసార్లు శిక్ష వేస్తుంది: లేనిచోట చూపించినందుకొకసారి, ఉన్నచోట చూపించనందుకొకసారి. ఏమీ చూపించకుండా గీత అడ్డంగా గీసిన మోడల్ దానికంటే మంచి మార్కులు కొట్టేస్తుంది. కాబట్టి సమయం దోషాన్నీ, పరిమాణం దోషాన్నీ విడివిడిగా చెప్పాలి.

గీతలు కలిసినప్పుడు కూడా అనుమానించాల్సిందే. ఇన్‌పుట్ వేడి ఎక్కువగా ఉండి, నైట్రిక్ ఆక్సైడ్ 5.3 మైక్రాన్ల పరారుణ కాంతిగా బయటికి పంపేసే వేడి కూడా ఎక్కువగా ఉంటే ఉష్ణోగ్రత సరిగ్గానే వస్తుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. తుఫాను తగ్గేటప్పుడు బండారం బయటపడుతుంది, ఎందుకంటే వేడి ఆగిపోయాక చల్లబడటం ఒక్కటే మిగులుతుంది. అందుకే ఒకే చోట గాలి, ఉష్ణోగ్రత, ఎలక్ట్రాన్ సాంద్రత మూడూ కొలిచే స్టేషన్ విలువైనది. ఒక్కదానికి మోడల్‌ని సరిపెట్టడం తేలిక, మూడింటికీ ఒకేసారి సరిపెట్టడం కష్టం.

ఇప్పటికీ తేలని పెద్ద తేడా ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ కింద వేడి పెంచితే పైన చల్లబరుస్తుంది. అది రెట్టింపైతే మెసోస్ఫియర్ సుమారు 10 కెల్విన్లు, థర్మోస్ఫియర్ సుమారు 50 కెల్విన్లు చల్లబడతాయని 1989లోనే మోడల్ చెప్పింది. దిశ నిజమేనని ఉపగ్రహాల కక్ష్యలు చూపిస్తున్నాయి. కానీ అమెరికాలోని మిల్‌స్టోన్ హిల్ రాడార్ దశాబ్దాల అయాన్ ఉష్ణోగ్రతలు, ముఖ్యంగా 350 కిలోమీటర్లకి పైన పగటిపూట, కార్బన్ డయాక్సైడ్ ఒక్కదానితో మోడల్ ఇచ్చేదానికంటే చాలా వేగంగా చల్లబడుతున్నట్టు చెప్పాయి. అక్కడ అయాన్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత ఒకటి కావు. భూమి అయస్కాంత క్షేత్రం నెమ్మదిగా మారుతుండటం కొంత కారణం కావచ్చు, గ్రావిటీ వేవ్‌లు మారి ఉండొచ్చని కూడా అన్నారు. ఏడాదికి ఒకటి రెండు కెల్విన్ల కోసం వెతుకుతున్నప్పుడు 11 ఏళ్ల సౌర చక్రం ఒక్కటే వందల కెల్విన్లు ఊపుతుంది, దాన్ని ఎఫ్10.7తో తీసేయాలి, అది ఎంత సరైన బదులో ఇందాక చూశాం.

దీన్ని తేల్చాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, మూడు నాలుగు సౌర చక్రాల పాటు ఆగకుండా కొలతలు కావాలి. గ్రీన్‌లాండ్‌లోని సోండ్రెస్ట్రోమ్ రాడార్ 2018లో మూతబడింది, అరెసిబో రాడార్ 2020 డిసెంబర్ 1న కూలిపోయింది. స్కాండినేవియా కోసం రూపొందించిన ఐస్కాట్-3డి రాడార్ చాలా శక్తిమంతమైనది, ప్లాస్మా కదలికని మూడు దిశల్లోనూ ఒకేసారి చూడగలదు. అయితే కొత్త రాడార్‌ని పాతదానితో పాటు కొన్నాళ్లు పక్కపక్కనే నడిపి రెండింటి మధ్య తేడా ఎంతో రాసిపెట్టుకోకపోతే, పరికరం మారినప్పుడు వచ్చే చిన్న మెట్టు రేపు వాతావరణ మార్పులాగే కనిపిస్తుంది, దాన్ని మోడల్‌తో పోల్చేవాళ్లు ఇంకో ఇరవై ఏళ్లు లేని కారణం కోసం వెతుకుతారు.